బీపీ మాత్ర కాదు, ముందు ఆ మోకాళ్ల బిళ్ల సంగతి చూడండి

మీ అమ్మగారికి బీపీ ఉంది, మోకాళ్ల నొప్పికి రోజూ ఒక బిళ్ల వేసుకుంటారు, మందులతో కిడ్నీలు పోతాయని ఎవరో భయపెడితే బీపీ మాత్ర ఆపేద్దామా అని అడిగారు. మీ అంతట మీరు ఆపకండి. అదుపు తప్పిన బీపీయే కిడ్నీలను తినేస్తుంది. నేను డాక్టర్‌ని కాదు, మా నాన్న విషయంలో పడిన పాట్లు చెబుతున్నాను.

నాన్నకు అప్పుడు 66 ఏళ్లు. బీపీకి రోజూ టెల్మిసార్టాన్ అనే మాత్ర వేసుకునేవారు, అందులోనే మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు కూడా కలిసి ఉండేది. మోకాళ్లు పట్టేసినప్పుడల్లా మందుల షాపుకెళ్లి 'నొప్పికి ఇవ్వు' అంటే, ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన బిళ్లలు నాలుగు కత్తిరించి ఇచ్చేవాడు. ఏళ్ల తరబడి ఏమీ కాలేదు. ఓ మే నెలలో విరేచనాలు పట్టుకున్నాయి. ఒళ్లు నొప్పులని ఆ బిళ్ల రెండు పూటలా వేశారు, బీపీ మాత్ర ఎప్పటిలాగే. నాలుగో రోజుకు మూత్రం దాదాపు ఆగిపోయింది, మగతగా పడి ఉన్నారు. మేమింకా వడదెబ్బ అనుకుంటున్నాం! రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, అది పెరిగితే కిడ్నీ పని తగ్గినట్టు) చూస్తే 3.4. అంతకు ముందు ఏడాది 1.1.

కిడ్నీ డాక్టర్ కాగితం మీద గీసి చూపించారు. వడపోత జరిగే చోటికి రక్తం తెచ్చే సన్న నాళం ఒకటి, తీసుకుపోయేది ఇంకొకటి. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు తెచ్చే నాళం మూసుకుపోకుండా ప్రోస్టాగ్లాండిన్లు అని ఒంట్లోనే తయారయ్యే పదార్థాలు కాపాడతాయి. నొప్పి బిళ్లలోని ఎసిక్లోఫెనాక్ వాటినే తయారు కానివ్వదు. టెల్మిసార్టానేమో రెండో నాళాన్ని వదులు చేస్తుంది. ఇక వడపోతకు కావలసిన ఒత్తిడి ఎక్కడుంటుంది? పైగా విరేచనాలు, మూత్రం మందు. అన్నీ ఒకేసారి మీద పడ్డాయి.

సెలైన్ పెట్టి, నొప్పి బిళ్ల మాన్పించారు. బీపీ మాత్ర కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెట్టారు. డయాలసిస్ దాకా పోలేదు. ఆరు వారాలకు 1.4కి దిగింది, మళ్లీ 1.1 మాత్రం కనబడలేదు.

ఆ కోవకే చెందిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు చెడి చచ్చిపోతుంటే, మన దేశంలో 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లో డైక్లోఫెనాక్‌గా మారుతుంది కాబట్టి 2023లో దాన్నీ ఆపారు. పక్షి వేరు, మనిషి వేరు, నిజమే. కానీ మనకు మాత్రం చీటీ లేకుండా ఇచ్చేస్తున్నారు.

గ్యాస్ బిళ్లలూ, అంటే పాంటప్రజోల్ లాంటివి, అరుదుగా కొందరికి కిడ్నీలో వాపు తెస్తాయట. నాన్న నాలుగేళ్లుగా పరగడుపున వేసుకుంటున్నది అప్పుడే మాన్పించారు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్‌ను అందరూ తిడతారు గానీ అది కిడ్నీని పాడు చేయదు, కిడ్నీ పని తగ్గాక దాని డోసు తగ్గిస్తారు, మరీ తగ్గిపోతే ఆపేస్తారు, అంతే.

అమ్మగారి బిళ్ల స్ట్రిప్ తిరగేసి చూడండి. పారాసిటమాలే అనుకుంటాం, పక్కనే ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అని ఉంటుంది. ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక కవర్లో వేసుకుని డాక్టర్‌కు చూపించి, క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్ (ఒక ప్రోటీన్) పరీక్షలు చేయించండి. వాంతులో విరేచనాలో పట్టుకుంటే బీపీ మాత్ర వేయాలా వద్దా అన్నది కూడా ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి. మేమది అడగలేదు.