తెగిన స్టార్టర్ తాడు గురించి అల్లుడికి

అల్లుడికి ఆశీస్సులు.

జామాయిల్ కోత మధ్యలో పెట్రోలు రంపం మిషన్ స్టార్ట్ చెయ్యడానికి లాగే తాడు తెగి చేతికొచ్చిందని, షాపులో స్టార్టర్, అంటే ఆ తాడూ, అది చుట్టుకునే పుల్లీ, దాన్ని వెనక్కి లాగే స్ప్రింగూ ఉండే భాగం, మొత్తం మార్చాలన్నారని మీ అమ్మ చెప్పింది. తెగింది తాడొక్కటే అయితే అంత ఖర్చు అక్కర్లేదు. అరుగు మీద కూర్చుని నువ్వే వేసుకోవచ్చు. కాకపోతే కొత్త తాడు వేసే ముందు పాతది ఎందుకు తెగిందో చూడు. అది చూడకుండా వేస్తే కొత్తదీ అదే దారి పడుతుంది.

ముందు స్పార్క్ ప్లగ్గు మీది టోపీ లాగెయ్. ఆ తర్వాతే స్క్రూల మీద చెయ్యి వెయ్యి. పక్కన స్టార్టర్ కవరుకి సాధారణంగా నాలుగు స్క్రూలుంటాయి. కొన్నిటికి అలెన్ కీ, కొన్నిటికి స్టార్ బిట్టు కావాలి. సరిపోని స్క్రూడ్రైవర్‌తో తిప్పి తలలు పాడుచెయ్యకు. కవరు ఊడగానే లోపల పొట్టు, నూనె కలిసి గట్టిపడిన మడ్డి కనిపిస్తుంది. బ్రష్షుతో దులుపు. ఇంజన్ వైపు, తాడు లాగినప్పుడు పుల్లీని ఇంజన్‌కి తగిలించే చిన్న కొక్కేలుంటాయి, వాటిని వేలితో కదిపి చూడు. అవి బయటికి పోయి మళ్ళీ వెనక్కి రావాలి. కొన్ని మిషన్లలో అవి పుల్లీకే ఉంటాయి. తాడు లాగినా ఇంజన్ తిరగకుండా ఊరికే జారిపోతోందంటే లోపం ఈ కొక్కేల దగ్గరే.

ఇక తెగిన చివర చూడు. పీచులు పీచులుగా చిట్లి ఉంటే తాడు బయటికొచ్చే కన్నం దగ్గరి బుష్, అంటే ఆ కన్నంలో బిగించిన చిన్న గొట్టం, అరిగినట్టే. లోపల వేలు పెట్టి తడిమితే గాడి తగులుతుంది. తాడుని తిన్నగా కాకుండా పక్కకి లాగేవాళ్ళ మిషన్లలో ఆ గాడి పడుతుంది. నువ్వు ఒక చేత్తో మిషన్‌ని గాల్లో వేలాడేసి, రెండో చేత్తో తాడు లాగడం నేను చూశాను. తాడు సంగతి అటుంచు, చైన్ తిరిగి తొడకి తగిలితే ఏం చేస్తావు? మిషన్ నేల మీద పెట్టు, చైన్ బ్రేక్ వెయ్యి, వెనక హ్యాండిల్‌లో కుడికాలి బూటు ముందుభాగం దూర్చు, ఎడంచేత్తో ముందు హ్యాండిల్ నొక్కి పట్టుకుని అప్పుడు లాగు.

తాడు దగ్గర కక్కుర్తి పడకు. బట్టలారేసే ప్లాస్టిక్ తాడు ఒరుపు వేడికి మెత్తబడి సాగుతుంది. స్టార్టర్ తాడు అనే అడుగు, గట్టిగా అల్లిన నైలాన్‌ది ఇస్తారు. మన మిషన్లకి 3 నుంచి 4 మిల్లీమీటర్ల లావు, మీటరు దరిదాపు పొడవు ఉంటుంది. అయినా పాత ముక్కలు రెండూ తీసుకెళ్ళి, వాటితో పోల్చే కొను. లావెక్కువైతే పుల్లీ గాడిలో పట్టదు. సన్నదైతే పుల్లీ పక్కకి జారి ఇరుక్కుంటుంది. చివరలు అగ్గిపుల్లతో కాల్చి, చల్లారాక ముడెయ్యి.

పాత ముక్క తీసే ముందు పుల్లీ మీద ఏ వైపుగా చుట్టుకుని ఉందో ఫోన్లో ఫొటో తీసుకో. తాడు తెగింది కాబట్టి స్ప్రింగు ఇప్పటికే వదులైపోయి ఉంటుంది, ఒకందుకు అది మేలే. అలా అని పుల్లీని మాత్రం ఊడబెరకకు. చాలాసార్లు పుల్లీ తీయకుండానే తాడు ఎక్కించొచ్చు. తీయక తప్పకపోతే కళ్ళద్దాలు పెట్టుకుని, పుల్లీని కొంచెం అటూ ఇటూ ఆడిస్తూ నిదానంగా పైకెత్తు. ఆ స్ప్రింగు కింద చుట్టుకుని ఉన్న స్టీలు పట్టీయే, అది ఒక్కసారి ఎగిరితే మొహం చీరేస్తుంది.

అసలు పని స్ప్రింగు బిగువులో ఉంది. తాడు ఒక కొస పుల్లీకి, రెండో కొస కన్నంలోంచి హ్యాండిల్‌కి ముడేసి, ఫొటోలో ఉన్నట్టే పుల్లీ మీద చుట్టు. పుల్లీకీ కన్నానికీ మధ్య ఓ జానెడు తాడు లోపలి వైపు మిగల్చు. పుల్లీ అంచున చిన్న గంటు ఉంటుంది, ఆ మిగిలిన తాడుని అందులో పెట్టి, తాడు లాగినప్పుడు పుల్లీ ఏ వైపు తిరుగుతుందో ఆ వైపే తాడుతో పాటు పుల్లీని తిప్పు. మిషన్‌ని బట్టి మూడు నుంచి ఆరు చుట్లు పడుతుంది. పుల్లీని బొటనవేలితో అదిమి పట్టి, మెలిపడిన తాడు బయటికి లాగి సరిచేసి, మెల్లగా లోపలికి వదులు.

హ్యాండిల్ వచ్చి కన్నానికి అతుక్కుని కూర్చోవాలి. వేలాడుతోందంటే ఇంకో చుట్టు వెయ్యి. అక్కడితో ఆగిపోకు, చాలామంది ఆగేది అక్కడే. తాడు మొత్తం బయటికి లాగి పట్టుకుని పుల్లీని ఇంకాస్త తిప్పి చూడు. కనీసం అరచుట్టు తిరగాలి. తిరగలేదంటే బిగువు ఎక్కువైంది, ఒక చుట్టు తగ్గించు. లేకపోతే తాడు చివరిదాకా వచ్చినప్పుడల్లా దెబ్బ స్ప్రింగు మీద పడుతుంది, ఏదో ఒకరోజు అదీ విరుగుతుంది. స్ప్రింగే విరిగితే మాత్రం షాపువాళ్ళ మాటే విను. ఈ చైనా మిషన్లకి స్టార్టర్ మొత్తం కొన్ని వందల్లో దొరుకుతుంది, విడి స్ప్రింగుతో కుస్తీ పట్టడం నా దృష్టిలో దండగ.

కవరు బిగించేటప్పుడు తాడుని కొద్దిగా లాగి పట్టుకో, కొక్కేలు వాటి చోట్లో పడతాయి. స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించు.

ఇకపై లాగేటప్పుడు మొదట బిగువు తగిలేదాకా మెల్లగా లాగి, అక్కడి నుంచి ఒక్క గుంజు. చివరిదాకా లాగకు. హ్యాండిల్‌ని టప్పున వదలకు, చేత్తో లోపలికి పంపు. చోక్ (చల్లటి ఇంజన్‌కి గాలి తగ్గించే మీట) మీద ఒకసారి ఇంజన్ టుప్పుమని అందుకోగానే చోక్ తీసెయ్. అలాగే లాగుతూ పోతే పెట్రోలు నిండి ప్లగ్గు తడుస్తుంది, కోపమొచ్చి ఇంకా గట్టిగా లాగుతావు, అప్పుడే తాళ్ళు తెగేది. ఇంత చేశాక కూడా తాడు కదలకపోతే కవరు ఊడదీసి విడిగా లాగు. చేతిలో తేలిగ్గా వస్తే స్టార్టర్ బాగానే ఉంది, ఇంజనే పట్టేసింది. అప్పుడు బలం చూపించకు, మిషన్ నా దగ్గరికి పట్రా.

తాడు కొనేటప్పుడు రెండు మీటర్లు తీసుకో. మిగిలింది పనిముట్ల సంచిలో ఉంచు, పెట్రోలుతో మందు కొట్టే మీ తైవాన్ స్ప్రేయర్‌కీ అదే రకం స్టార్టర్.

మీ మావయ్య