సైన్ 30 కొడితే మైనస్‌లో జవాబు వస్తోంది, కాలిక్యులేటర్ పాడైందా?

పాడవలేదండీ, మార్చేయకండి. కొత్తగా కొన్న సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో సైన్ 30 కొడితే -0.988 వస్తోందని, ఇంకా చాలా లెక్కలు తప్పుతున్నాయని, ఏ బటన్ దేనికో తెలియడం లేదని అడిగారు కదా. నేను చాలాకాలంగా పిల్లలకు ఫిజిక్స్ లెక్కలు చెప్తున్నాను. "సార్, నా కాలిక్యులేటర్ తప్పు చూపిస్తోంది" అని తెచ్చినవాటిలో దాదాపు అన్నీ బాగానే ఉంటాయి, మోడ్ మారిపోయి ఉంటుంది అంతే.

మీ మెషీన్ ఇప్పుడు రేడియన్‌లో ఉంది, అది డిగ్రీల్లాగే కోణాన్ని కొలిచే ఇంకో కొలత. అంటే మీరు కొట్టిన 30ని అది 30 డిగ్రీలు అనుకోవడం లేదు, 30 రేడియన్లు అనుకుంటోంది, దానికి సైన్ నిజంగానే -0.988. డిగ్రీల్లోకి మార్చాలంటే షిఫ్ట్ నొక్కి సెటప్‌లోకి వెళ్లి డెగ్ ఎంచుకోండి. పాత మోడళ్లలో సెటప్ ఉండదు, మోడ్ బటన్‌నే మళ్లీ మళ్లీ నొక్కుతూ పోతే డెగ్, రాడ్, గ్రా అని మూడూ ఒక స్క్రీన్ మీద కనిపిస్తాయి. ఆ మూడోది గ్రేడియన్. అందులో లంబకోణం 90 కాదు, 100. పొరపాటున అందులో పడితే సైన్ 30కి 0.454 వస్తుంది, ఇది చూడ్డానికి మామూలు జవాబులాగే ఉంటుంది కాబట్టి అనుమానం కూడా రాదు, అందుకే నాకు రేడియన్ కంటే దీంతోనే ఎక్కువ భయం. పరీక్షలో కూర్చోగానే ముందు సైన్ 30 కొట్టి చూడమని అందరికీ చెప్తాను. 0.5 వస్తే డిగ్రీల్లో ఉన్నట్టే. (కొన్ని మోడళ్లు 1/2 అని భిన్నంగా చూపిస్తాయి, అదీ సరైనదే. పక్కన ఎస్, డి అని బాణం గుర్తుతో ఉండే బటన్ నొక్కితే దశాంశంలోకి మారుతుంది.)

మిగతా తప్పులు ఎక్కువగా బ్రాకెట్ల దగ్గర వస్తాయి. కాగితం మీద గీత పైన 12, కింద 2×3 అని రాసుకుని, మెషీన్‌లో 12÷2×3 అని కొడితే 18 వస్తుంది, మీకు కావాల్సింది 2. గీత కింద ఉన్నదంతా బ్రాకెట్లో పెట్టి 12÷(2×3) అని కొట్టాలి. మైనస్ సంఖ్యల వర్గాలూ అంతే, -3 కొట్టి వర్గం బటన్ నొక్కితే -9 వస్తుంది, ఎందుకంటే అది ముందు 3ని వర్గం చేసి తర్వాత మైనస్ పెడుతుంది. (-3) అని బ్రాకెట్ పెడితేనే 9. 6÷2(1+2) లాంటిదైతే గుణకారం గుర్తు లేకుండా అసలు కొట్టకండి, ఒక మోడల్ 1 అంటుంది, ఇంకొకటి 9 అంటుంది.

పదిఘాతాల బటన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఫిజిక్స్, కెమిస్ట్రీలో మార్కులు పోయేది ఇక్కడే. ఈఎక్స్‌పీ అనో, ×10 మీద చిన్న ఎక్స్ అనో ఉంటుంది. "×10" అన్నది ఆ బటన్‌లోనే ఉంది, కాబట్టి కాంతి వేగానికి 3, ఆ బటన్, 8, అంతే. 3×10 కొట్టి ఆ తర్వాత బటన్ నొక్కితే జవాబు పది రెట్లు పెరిగిపోతుంది. ఈ బటన్‌తో కొట్టిన సంఖ్యను మెషీన్ ఒకే సంఖ్యగా తీసుకుంటుంది. 1÷2×10³ అని విడివిడిగా కొడితే 500, అదే 2ని ఈ బటన్‌తో కలిపి కొడితే 0.0005. గీత కింద పదిఘాతాలు ఉన్న లెక్కల్లో దీన్నే వాడండి. ఘాతం మైనస్ అయితే బ్రాకెట్లో మైనస్ ఉన్న చిన్న బటన్ నొక్కాలి, తీసివేత బటన్ కాదు.

లాగ్ అంటే ఆధారం 10, ఎల్ఎన్ అంటే ఆధారం e అనే సంఖ్య (సుమారు 2.718). లాగ్ 100 కొడితే 2 రావాలి. సైన్ మీద చిన్న -1 ఉన్నది కోణం కనుక్కోవడానికి, దాన్ని 1 బై సైన్ అనుకోకండి.

ఒక్క అలవాటు మాత్రం ఇవాళే చేసుకోండి: మధ్యలో వచ్చిన జవాబును కాగితం మీద రెండు దశాంశాలకు కుదించి మళ్లీ కొట్టకండి. రూట్ 2ని 1.41 అని రాసుకుని వర్గం చేస్తే 1.9881 వస్తుంది, అదే ముందటి జవాబును తెచ్చిపెట్టే ఆన్స్ బటన్ వాడితే 2 వస్తుంది. స్క్రీన్ మీద కనిపించే అంకెల కంటే ఎక్కువే అది లోపల దాచుకుంటుంది.

ఏం మారిపోయిందో అర్థం కాకపోతే షిఫ్ట్ నొక్కి సీఎల్ఆర్‌లోకి వెళ్లి ఆల్ ఎంచుకుంటే మామూలుగా కొన్నప్పటి సెట్టింగ్‌లకు వచ్చేస్తుంది, మెమరీలో దాచినవి మాత్రం పోతాయి. అప్పటికీ తేడా వస్తే మీరు ఏ బటన్ తర్వాత ఏది నొక్కారో వరసగా కింద రాయండి, చూసి చెప్తాను.