పాత సిస్టమ్‌లో రెండు సాఫ్ట్‌వేర్‌లు ఒకే ఫైల్ కోసం కొట్టుకుంటుంటే ఏం చేయాలి?

విండోస్ 7 సిస్టమ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ వేస్తే ఇంకొకటి పడిపోతోంది, రెండింటికీ ఒకే డీఎల్‌ఎల్ (సాఫ్ట్‌వేర్‌లు పంచుకుని వాడుకునే కోడ్ ఫైల్) వేర్వేరు వెర్షన్‌లు కావాలట, ఏం చేయాలి అని అడిగారు. "కొత్తది కొనుక్కోండి" అని సలహా ఇచ్చేవాళ్లు జూన్‌లో ఒకసారి బంగారుపాళ్యం వైపు వచ్చి వే బ్రిడ్జి దగ్గర నిలబడాలి.

తోతాపురి మామిడి సీజన్, ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి. తూకం సాఫ్ట్‌వేర్ ఎప్పుడో వీబీ 6 (విజువల్ బేసిక్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష)లో రాసింది, రాసినాయన ఫోన్ నంబర్ కూడా ఎవరి దగ్గరా లేదు. కాటా నుంచి సీరియల్ పోర్ట్‌లో వచ్చే బరువును ఎంఎస్‌కామ్32.ఓసీఎక్స్ అనే ఫైల్ చదవాలి. ఓసీఎక్స్ కూడా డీఎల్‌ఎల్ లాంటిదే, కాకపోతే అదెక్కడుందో విండోస్‌లో రిజిస్టర్ చేయాలి. ముందురోజు ఓనర్ మేనల్లుడు ఏదో బిల్లింగ్ డెమో వేసి, నచ్చలేదని రాత్రికే తీసేశాడు. ఆ డెమో అదే ఫైల్ పాత కాపీని తన ఫోల్డర్‌లో పెట్టుకుని రిజిస్టర్ చేసుకుంది, పోతూ పోతూ కాపీని పట్టుకుపోయింది. ఊరు విడిచి పోయినోడి పేరు రేషన్ కార్డులో మిగిలినట్టు, రిజిస్ట్రీలో (విండోస్ లెక్కల పుస్తకంలో) మాత్రం ఆ అడ్రసే ఉంది.

నేను విండోస్ ఫైళ్లుండే సిస్టమ్32 ఫోల్డర్‌లో వెతికాను, ఫైల్ లేదు. నా ల్యాప్‌టాప్ నుంచి తెచ్చి అక్కడ పెట్టి రిజిస్టర్ చేస్తే ఎర్రర్. మళ్లీ చేస్తే మళ్లీ ఎర్రర్. వెనక నుంచి ఓనర్, "కాయంతా ఎండకు మాగిపోతా ఉండాది సామీ, నువ్వేమో ఆ డబ్బా చూస్తా కూర్చున్నావు" అంటున్నాడు. నలభై నిమిషాలయ్యాక వెలిగింది, అది 64 బిట్ విండోస్. అందులో సిస్టమ్32లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు, 32 బిట్‌వి సిస్‌వావ్64లో ఉంటాయి (ఈ పేర్లు పెట్టిన మహానుభావుడికి ఒక దండం). అసలు ఫైల్ అక్కడే చెక్కుచెదరకుండా ఉంది. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఆ ఫోల్డర్‌లోని రెగ్‌ఎస్‌వీఆర్32 (రిజిస్టర్ చేసే ప్రోగ్రామ్)తోనే రిజిస్టర్ చేశాను. ఒక్క లైను. బరువు తెర మీదకొచ్చింది.

మీ సంగతికొస్తే, మామూలు డీఎల్‌ఎల్ అయితే ఎవరి వెర్షన్ వాళ్ల ఎక్స్‌ఈ (ప్రోగ్రామ్ ఫైల్) పక్కనే పెట్టండి, విండోస్ తన సొంతవి తప్పిస్తే మిగతావాటిని ముందు ప్రోగ్రామ్ ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. ఓసీఎక్స్‌తో అలా కుదరదు, చివర రిజిస్టర్ అయినదే రాజు, కాబట్టి రెండింటిలో కొత్త వెర్షన్ ఉంచి చూడండి. విజువల్ సీ++ 2008, 2010, 2013 రన్‌టైమ్‌లు (ప్రోగ్రామ్‌లు నడవడానికి కావలసిన ఫైళ్లు) దేనికది వేరు, "ఇన్ని ఎందుకు" అని శుభ్రం చేసే పని పెట్టుకోకండి. ఏపీఐ-ఎంఎస్-విన్-సీఆర్‌టీ అని మొదలయ్యే ఫైల్ లేదంటే మైక్రోసాఫ్ట్ ఇచ్చే యూనివర్సల్ సీఆర్‌టీ అప్‌డేట్ వేయాలి, అంతేగానీ ఊరూపేరూ లేని డీఎల్‌ఎల్ సైట్ల నుంచి తెచ్చి అతికించకూడదు. నా దగ్గరికొచ్చే వైరస్ కేసుల్లో సగం ఆ సైట్ల పుణ్యమే.

విండోస్ 7కు 2020 జనవరి 14తోనే సపోర్ట్ ఆగిపోయింది, తెలుసు. అందుకే ఆ సిస్టమ్‌కు నెట్ తీసేసి, డిస్క్ మొత్తం ఇమేజ్ (అచ్చు కాపీ) తీసి పెట్టి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి వచ్చాను. మేనల్లుడు ఇప్పటికీ ఫోన్ చేసి ఆ పాస్‌వర్డ్ అడుగుతుంటాడు.