మాంగోస్టీన్‌కు జోడీ అక్కరలేదు

ప్రశ్న: మూడేళ్ల క్రితం కేరళలో మాంగోస్టీన్ మొక్క కొని, ఇంటి వెనుక ఎండ బాగా తగిలే చోట నాటాను. రోజూ బోరు నీళ్లే పోస్తున్నాను. ఇప్పటికి మూరెడు కూడా ఎదగలేదు. ఆకుల అంచులు మాడుతున్నాయి. పక్కన మగ చెట్టు ఉండాలని ఒకరు, మామిడికి అంటు కట్టమని ఇంకొకరు అంటున్నారు. రెండో మొక్క తెప్పించమంటారా?
– ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: వద్దమ్మా, డబ్బు దాచుకోండి. మాంగోస్టీన్ తోటల్లో ఉండేవన్నీ ఆడ చెట్లే. పుప్పొడితో పని లేకుండానే వాటికి గింజ కడుతుంది. ఆ గింజ నుంచి వచ్చే మొక్క తల్లికి అచ్చు నకలు. బొప్పాయి సంగతి విని దీనికీ అంటగట్టినట్టున్నారు. ఇక మామిడికి అంటు అంటారా, పేరులో ‘మాంగో’ ఉన్నంత మాత్రాన చుట్టరికం కలవదు. మామిడిది జీడి కుటుంబం. మాంగోస్టీన్‌కు దగ్గర బంధువు కొంకణం వాళ్లు పులుసులో వేసే కోకం.

మూడేళ్లకు మూరెడంటే బెంగపడకండి. ఈ జాతి నడకే అంత. గింజ మొక్క కాపుకు రావడానికి ఏడెనిమిదేళ్లు, ఒక్కోసారి పదేళ్లు దాటుతుంది. అసలు చిక్కు ఎండతో, నీళ్లతో. ఇది మలయా దీవుల వాన అడవుల్లో పెద్ద చెట్ల చాటున పెరిగే జాతి. ఏడాదికి కనీసం 1,270 మిల్లీమీటర్ల వాన పడాలి, నడుమ పెద్ద ఎడం రాకూడదు. మన వైపు వెయ్యి లోపే. అదీ చాలావరకు ఐప్పసి నెల (నవంబరు నడుమ) పోయేలోగా కురిసేసి, తర్వాత నెలల తరబడి చుక్క ఉండదు. ఉప్పు నీరు దీనికి అసలు పడదు. అంచులు మాడటానికి నేను ముందు అనుమానించేది మీ బోరునే.

నేనూ ఒకదాన్ని చంపాను. కుర్తాళం నుంచి తిరుపతి దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. కుండీ మార్చబోతే తల్లివేరు పుటుక్కుమంది. దీనికి పీచువేర్లు తక్కువ. తల్లివేరు పోతే మొక్క పోయినట్టే. మీ ఊళ్లో ఎముక విరిగితే కట్టు కడతారు, వేరుకు ఎవరు కడతారు? అందుకని మీ మొక్కను పెకలించి వేరే చోట పెట్టాలనుకోవద్దు. నీడనే దాని దగ్గరికి తీసుకురండి. పడమటి వైపు రెండు అరటి పిలకలు నాటండి. అవి ఎదిగేదాకా కొబ్బరి మట్టల పందిరి వేయండి. మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు మందంగా పరవండి. వాన నీరు పట్టి ఉంచుకుని వేసవిలో అదే పోయండి. మొక్క బతుకుతుంది. కాస్తుందని మాత్రం నేను మాట ఇవ్వను.

ఈలోగా పండు తినాలనిపిస్తే, వానాకాలంలో బజారులో దొరికినప్పుడు నొక్కి చూసి కొనండి. తొక్క కాస్త అణగాలి. రాయిలా ఉంటే లోపల పాడైనట్టే. అడుగున పువ్వులాంటి గుర్తు ఉంటుంది. దాని రేకులెన్నో లోపల తొనలూ అన్నే. రేకులు ఎక్కువున్న పండు ఏరుకోండి. తొనలు ఎక్కువైతే చిన్నవవుతాయి, చిన్న తొనల్లో సాధారణంగా గింజ ఉండదు. ఒలిచేటప్పుడు మాత్రం పాత చీర కట్టుకోండి, తొక్క రసం అంటితే మరక వదలదు.