అలీలా దెబ్బలు తింటానంటున్నాడు మావాడు

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి పదో తరగతి. కాకినాడలో బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు. ఫోన్లో మహమ్మద్ అలీ వీడియోలు చూసి, "అలీ తాళ్లకు ఆనుకుని దెబ్బలు తింటూ అవతలివాణ్ని అలసిపోయేలా చేశాడు, నేనూ అలాగే ఆడతా" అంటున్నాడు. మొన్న పెదవి చిట్లి వచ్చాడు. నాకు ఒకటే టెన్షన్. అలీ గొప్పతనం నిజంగా అందులోనే ఉందాండీ?
– ఒక తల్లి, రామచంద్రపురం

జవాబు: లేదమ్మా. మీవాడు చూసింది 1974 అక్టోబరు 30న ఆఫ్రికాలో అప్పటి జైర్ (ఇప్పటి కాంగో) దేశంలోని కిన్షాసాలో జరిగిన పోటీ. అప్పుడు నేను రాజమండ్రిలో చదువుకుంటున్నాను. మర్నాడు లైబ్రరీలో పేపరు కోసం మావాళ్లంతా ఎగబడ్డారు. అలీతో తలపడింది అప్పటి ప్రపంచ చాంపియన్ జార్జ్ ఫోర్‌మన్. ఫోర్‌మన్‌కి పాతికేళ్లు. ఆడిన 40 పోటీల్లో ఓటమి లేదు, 37 నాకౌట్లు. అలీకి 32. అయినా ఎనిమిదో రౌండులో పడిపోయింది ఫోర్‌మనే. ఆ రోజు కూడా అలీ ఊరికే నిలబడి దెబ్బలు తినలేదు. వెనక్కి వాలి, చాలా గుద్దుల్ని చేతుల మీద కాచుకున్నాడు. సందు దొరికితే చాలు, మొహం మీద కొట్టాడు.

అసలైన అలీని చూడాలంటే 1964 నుంచి 1967 దాకా ఆడిన పోటీలు చూడమనండి. 22 ఏళ్లకే అమెరికాలోని మయామీ బీచ్‌లో అప్పటి ప్రపంచ చాంపియన్ లిస్టన్‌ని ఓడించాడు. ఏడో రౌండుకి లిస్టన్ స్టూలు మీద నుంచి లేవనేలేదు. చేతులు కిందికి వదిలేసి, తల కాస్త వెనక్కి తీసి, గుద్దు గాలిలో పోయేలా చేసేవాడు అలీ. కోనసీమ బడుల్లో డ్రిల్లు మాస్టారుగా ఎన్నో కబడ్డీ జట్లను తయారుచేశాను. కూతకెళ్లిన మంచి ఆటగాడు పట్టుకి దొరక్కుండా ఎలా తిరుగుతాడో, అలీ కాళ్లు అలా తిరిగేవి.

ఆ కాళ్లు ఏమయ్యాయి? 1967లో వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనన్నాడు. టైటిల్ లాక్కున్నారు, అయిదేళ్ల జైలుశిక్ష వేశారు. అప్పీలు మీద బయటే ఉన్నా మూడున్నరేళ్లు రింగులోకి రానివ్వలేదు. 25 నుంచి 28 ఏళ్ల వయసమ్మా అది! ఆటగాడికి అంతకంటే విలువైన కాలం ఉండదు. నమ్మినదాని కోసం దాన్ని వదులుకున్నాడు. నాకు అలీ అంటే ఇంత గౌరవం అందుకే. 1971లో అమెరికా సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది గానీ, పోయిన ఏళ్లను ఎవరిస్తారు?

తిరిగొచ్చాక వేగం తగ్గింది. తాళ్లకు ఆనుకోవడం అలా మొదలైంది. 1975లో మనీలాలో తన పాత ప్రత్యర్థి ఫ్రేజియర్‌తో 14 రౌండ్లు. ఇద్దరూ ఒళ్లు హూనం చేసుకున్నారు, చివరికి ఫ్రేజియర్ ట్రైనరే పోటీ ఆపించాడు. అలీ అక్కడితో ఆపేయాల్సింది. 1977లో షేవర్స్‌తో పోటీ అయ్యాక అలీ జట్టు డాక్టర్ పచేకో ఇక చాలని చెప్పి, వినకపోతే జట్టు వదిలి వెళ్లిపోయాడు. 1980లో హోమ్స్ అనే బాక్సర్ చేతిలో పది రౌండ్లు తిన్న దెబ్బలు నేను చూడలేను. 1984లో పార్కిన్సన్స్ (ఒళ్లు వణికించే నరాల జబ్బు) అని తేలింది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో జ్యోతి పట్టుకున్న ఆ చెయ్యి వణుకుతుంటే టీవీ ముందు ఏడ్చేశాను.

మీవాణ్ని మాన్పించకండి. రోజూ తాడాట ఆడమనండి, దెబ్బ తప్పించుకునే అడుగులు ముందు నేర్పమని కోచ్‌కి చెప్పండి. తలకి దెబ్బ తగిలాక తలనొప్పో వాంతో వస్తే వెంటనే ఆట ఆపేసి డాక్టరుకి చూపించాలి, ఆయన సరేననేదాకా మళ్లీ ఆడనివ్వకూడదు.

ప్రశ్న: అలీ కూతురు కూడా బాక్సరేనా మాస్టారూ?
– ఇంటర్ విద్యార్థిని, రావులపాలెం

జవాబు: అవునమ్మా, లైలా అలీ. 24 పోటీలు ఆడి ఒక్కటీ ఓడలేదు. 2001లో ఫ్రేజియర్ కూతురితోనే తలపడి పాయింట్ల మీద గెలిచింది. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ చాంపియన్. ఆమె పోటీలు కూడా తప్పకుండా చూడు.