‘భార్యాపిల్లలు’ అంటే ఎవరు?

అమ్మాయీ,

అమెరికన్ జానపద గాయకుడు వుడీ గత్రీ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. మొదటిసారి చదివినప్పుడు బావుందనిపించింది. ఓక్లహోమా దుమ్ము తుపాన్లు, సరుకు రైళ్ళు, ‘ఈ యంత్రం ఫాసిస్టులను చంపుతుంది’ అని రాసుకున్న గిటార్, చివరికి ఆసుపత్రికి వెతుక్కుంటూ వచ్చిన పందొమ్మిదేళ్ళ కుర్ర గాయకుడు బాబ్ డిలన్. అన్నీ ఉన్నాయి, చకచకా నడిపించావు. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. ఒక్క మాట కింద గీత గీశాను. ‘1937లో భార్యాపిల్లలను వదిలి కాలిఫోర్నియా వెళ్ళాడు.’

ఎవరా భార్య? ఎందరు పిల్లలు?

ఆమె పేరు మేరీ జెన్నింగ్స్. 1933లో టెక్సస్‌లోని పాంపాలో పెళ్ళయింది. గ్వెన్, సూ, బిల్ అని ముగ్గురు పిల్లలు. అందులో బిల్ 1937కి పుట్టనే లేదు. ఆ ఒక్క మాటతో పని కానిచ్చేశావు కాబట్టి ఇదేదీ చూసుకోవాల్సిన అవసరం నీకు రాలేదు.

కోప్పడుతున్నానని అనుకోకు. నీ వయసులో నేనూ ఇదే చేశాను. ఒక బుర్రకథ కళాకారుడి గురించి పత్రికలో రాశాను. ఆయన తంబురా గురించి, గొంతు గురించి పేజీలు నింపాను. పక్కన గుమ్మెట వాయిస్తూ వంత పాడేది ఆయన భార్యే. తర్వాత వాళ్ళూరు వెళితే మజ్జిగ ఇస్తూ అడిగిందామె: “నా పేరు రాయలేదేం బాబూ?” ఆ మజ్జిగ ఎలా తాగానో నాకే తెలుసు.

నువ్వు రాస్తున్న మనిషి ఈ విషయంలోనే పట్టుదల చూపించాడు. 1948 జనవరి 28న కాలిఫోర్నియాలో లాస్ గాటోస్ లోయ దగ్గర ఒక విమానం కూలింది. మెక్సికోకు తిప్పి పంపేస్తున్న 28 మంది వ్యవసాయ కూలీలు చనిపోయారు. విమాన సిబ్బంది పేర్లు వార్తల్లో వచ్చాయి, కూలీలు మాత్రం ఉత్త ‘డిపోర్టీలు’, అంటే దేశం నుంచి పంపేసినవాళ్ళు. అది ఆయనకు మింగుడు పడలేదు. పాట రాశాడు. దానికి బాణీ పదేళ్ళ తర్వాత మార్టిన్ హాఫ్‌మన్ అనే ఆయన కట్టాడు. చివరికి 2013లో ఫ్రెస్నోలో వాళ్ళ సమాధి మీద 28 పేర్లూ చెక్కారు. ఇలాంటి వాడి మీద వ్యాసం రాస్తూ ‘భార్యాపిల్లలు’ అంటే ఎలా చెప్పు?

ఇంకోచోట ‘విధి ఆ ఇంటిని శాపంలా వెంటాడింది’ అన్నావు. ఇలాంటి వాక్యం పడగానే రాసేవాడికి ఏదో పెద్ద మాట చెప్పేసినట్టు ఉంటుంది. తీసెయ్. జరిగింది చెప్పు చాలు. 1919లో అక్క క్లారా ఒళ్ళు కాలి చనిపోయింది. తల్లి నోరా బెల్ నడవడికా మాటా మారిపోతుంటే ఊళ్ళో పిచ్చిదన్నారు. 1927లో ఓక్లహోమాలోనే నార్మన్ అనే ఊళ్ళో మానసిక వైద్యశాలలో చేర్చారు. అక్కడే 1930లో చనిపోయింది. కొడుకునీ ముందు తాగుబోతు అనే అనుకున్నారు. 1952లో తెలిసింది, అది హంటింగ్టన్ జబ్బు అని, మెదడును మెల్లమెల్లగా దెబ్బతీసే వారసత్వపు జబ్బు అని. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం వచ్చే అవకాశం ఉంటుంది. గ్వెన్, సూ ఇద్దరూ నలభై ఒకటో ఏట దానితోనే పోయారు. శాపం అన్నావంటే డాక్టర్లతో పనేముంది? ఆయన రెండో భార్య మార్జరీ అలా అనుకోలేదు.

నీ వ్యాసంలో మార్జరీకి ఒకటిన్నర వాక్యం దక్కింది. నన్నడిగితే ఈ కథకు సగం బలం ఆవిడే. మార్జరీ మేజియా, మార్తా గ్రాహం ఆధునిక నృత్య బృందంలో నర్తకి. తల్లి అలీజా గ్రీన్‌బ్లాట్ యూదుల భాష యిడ్డిష్‌లో కవయిత్రి. న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్‌లో మెర్మెయిడ్ అవెన్యూ అనే వీధిలో కాపురం. పెద్దపిల్ల క్యాథీ కోసం, ఆ పిల్ల మాటలు విని, గత్రీ పిల్లల పాటలు కట్టాడు. 1947 ఫిబ్రవరిలో నాలుగేళ్ళ క్యాథీ అగ్నిప్రమాదంలో పోయింది. ఐదు నెలలకు ఆర్లో పుట్టాడు. తర్వాత జోడీ, నోరా.

విడాకులయ్యాయి, ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంది. అయినా ఆసుపత్రికి వెళ్ళడం మానలేదు. మాట పడిపోయాక ‘అవును’, ‘కాదు’ అని రాసిన కార్డులు చూపించి ఆయన మనసులో మాట తెలుసుకునేది. 1967లో ఆయన పోయిన ఏడాదే హంటింగ్టన్ జబ్బు మీద పోరాడటానికి ఒక కమిటీ పెట్టింది. అలాంటి కుటుంబాలను వెతికి కలిపింది, పరిశోధనకు డబ్బివ్వమని ప్రభుత్వం వెంటపడింది. ఆ జబ్బు తెచ్చే జన్యువు దొరికేసరికి 1993 వచ్చింది. అప్పటికి మార్జరీ పోయి పదేళ్ళు.

ఇక ఆయన పాట ‘దిస్ ల్యాండ్ ఈజ్ యువర్ ల్యాండ్’ గురించి నువ్వు రాసిన రెండు పేజీలు కుదించు. 1940 ఫిబ్రవరిలో రాశాడు, రేడియోలో మోగిపోతున్న మరో దేశభక్తి పాట మీద విసుగుతో రాశాడు, బాణీ కార్టర్ ఫ్యామిలీ అనే బృందం పాడిన పాత పాటది. ఇంతవరకు చాలు. పిల్లలకు బడిలో నేర్పేటప్పుడు వదిలేసిన చరణాలున్నాయి చూడు, సొంత ఆస్తి బోర్డునూ ఆకలి క్యూలనూ తడిమేవి, వాటిని తండ్రే తనకు నేర్పాడని ఆర్లో చెప్పుకున్నాడు. ఆ ముక్క ఉంచు.

జీతానికి రాస్తే రచన పాడవుతుందని నీకు టెన్షన్ అన్నావుగా. 1941లో కొలంబియా నది ఆనకట్టల కరెంటును అమ్మే ప్రభుత్వ సంస్థ ఈయన్ని నెల రోజులకు పెట్టుకుంది. జీతం 266 డాలర్ల 66 సెంట్లు. ఇరవై ఆరు పాటలు రాశాడు. వాటిలో ఒకటి ఇప్పుడు వాషింగ్టన్ రాష్ట్ర అధికారిక జానపద గీతం. జీతం తీసుకో, రాయి.

కూతురు నోరాను అసలు మర్చిపోయావు. దాదాపు మూడు వేల పాటలు కాగితాల మీద మిగిలాయి. చాలావాటి బాణీలు ఆయనతోనే పోయాయి, స్వరాలు రాసుకునే అలవాటు లేదాయనకు. ఆ కాగితాలను నోరా సర్దింది. కొన్నిటిని ఇంగ్లండ్ గాయకుడు బిల్లీ బ్రాగ్‌కు, అమెరికాలోని విల్కో బృందానికి ఇచ్చి కొత్త బాణీలు కట్టించింది. 1998లో వచ్చిన ఆ ఆల్బమ్ పేరు మెర్మెయిడ్ అవెన్యూ. ఆ కాగితాలిప్పుడు ఓక్లహోమాలోని టల్సాలో ఉన్నాయి. నోరాతో మొదలుపెట్టి వ్యాసం మళ్ళీ రాస్తే ఎలా ఉంటుందో ఒకసారి ప్రయత్నించు. కుదరకపోతే నీ పద్ధతిలోనే కానీ.

ఇంకొకటి. ఆయన చనిపోయింది అక్టోబరు 3న. నువ్వు 4 అని వేశావు.

తొందరేం లేదు. నెలాఖరున నాకు కంటి ఆపరేషన్. ఆ తర్వాత పంపు, కాస్త పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి.

ఆశీస్సులతో,
బాబాయి