తాతయ్య టీవీఎస్ 50కి రంగు ఇప్పుడే వద్దు

ఒరేయ్ నాన్నా,

ఫొటోలు చూశాను. పశువుల పాకలో ఇన్నేళ్లు పడి ఉన్న బండికి ఆ మాత్రం తుప్పు పట్టకుండా ఉంటుందా, దిగులు పడకు. నాకు టెన్షన్ అల్లా నువ్వు ఆఖర్లో రాసిన మాటకే. మొత్తం విప్పేసి ముందు పెయింటింగ్‌కి ఇచ్చేస్తానన్నావు. ఆ పని చెయ్యకు. ముందు బండి స్టార్ట్ అవ్వాలి, ఓ పది కిలోమీటర్లు ఆగకుండా నడవాలి, రంగు సంగతి ఆ తర్వాత. నా మొదటి పాత బండికి ట్యాంకు బయట అద్దంలా పెయింట్ వేయించాను, లోపల తుప్పు చూసుకోలేదు. రెండు నెలలు వారం వారం కార్బొరేటర్ విప్పి జెట్, అంటే పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం, ఊదుకున్నాను. చివరికి ట్యాంకు కడగక తప్పలేదు, ఆ కడగడంలో కొత్త పెయింట్ కాస్తా పోయింది.

పైసా ఖర్చు పెట్టకముందే ఆర్.సి. వెతుకు, నాన్నమ్మ బీరువాలో ఉండాలి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కిరసనాయిలు గుడ్డతో తుడిచి దానితో సరిచూసుకో. యాభై ఏళ్లు నిండితేనే వింటేజ్ కింద లెక్క, టీవీఎస్ 50 వచ్చిందే 1980లో, కాబట్టి దీనికి మామూలు రిజిస్ట్రేషన్ రెన్యువలే, 5 ఏళ్లకోసారి. ఆర్.సి.ని తాతయ్య పేరు మీద నుంచి మార్పించే పని కూడా ఉంటుంది.

ఇక ఇంజన్. పెడల్ మీద ఎక్కి తొక్కొద్దు. ప్లగ్ తీసి ఆ రంధ్రంలో రెండు చెంచాల టూటీ ఆయిల్ (ఈ బండికి పెట్రోల్‌లో కలిపి పోసే నూనె) పోసి రెండు రోజులు వదిలెయ్. మూడో రోజు మాగ్నెట్‌ని, అంటే ఇంజన్ పక్కన తిరిగే చక్రాన్ని, చేత్తో మెల్లగా ముందుకీ వెనక్కీ కదుపు. కదిలితే పిస్టన్ రింగులు విరక్కుండా బయటపడ్డట్టే.

ట్యాంకులో గుప్పెడు చిన్న నట్లు, కాస్త కిరసనాయిలు వేసి బాగా కుదుపు. వేసేటప్పుడు నట్లు లెక్కపెట్టుకో, తీసేటప్పుడు మళ్లీ లెక్కపెట్టు, ఒక్కటి తగ్గినా వెతకాల్సిందే. తర్వాత సబ్బు నీళ్లతో జిడ్డు పోయేలా కడిగి, వెనిగర్ నింపి ఒక రాత్రి ఉంచి, తినేసోడా నీళ్లతో కడిగి ఎండబెట్టు. ఆరిన వెంటనే లోపలంతా టూటీ ఆయిల్ తిప్పు, లేకపోతే సాయంత్రానికల్లా మళ్లీ ఎర్రబారుతుంది. పెట్రోల్ పైపు మాత్రం కొత్తది వెయ్యి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, పాత రబ్బరును అది ఉబ్బించి మెత్తబరుస్తుంది. రోజుల తరబడి నడపకపోతే ట్యాంకు కింద పెట్రోల్ కాక్ కట్టేసి, కార్బొరేటర్‌లో ఉన్నది అయిపోయి ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపి పెట్టు.

స్పార్క్ లేకపోతే కాయిల్ కొనడానికి పరిగెత్తకు. మాగ్నెట్ కిటికీలోంచి పాయింట్లు, అంటే స్పార్క్ కోసం తెరుచుకుని మూసుకునే చిన్న లోహపు బిళ్లలు, కనిపిస్తాయి. సన్నటి ఎమరీ పేపర్‌తో రెండుసార్లు రుద్ది, పొడి తెల్ల కాగితం మధ్యలో పెట్టి లాగు, కాగితానికి నలుపు అంటనంతవరకూ లాగుతూనే ఉండు. పూర్తిగా తెరుచుకున్నప్పుడు గ్యాప్ 0.4 మి.మీ. దగ్గర ఉండాలి. పాతవాటిలో పదికి ఏడు బండ్లు నా చేతిలో ఇంత పనితోనే నిప్పు రాల్చాయి.

చాలామంది తికమకపడేది ఇంకొకటుంది. బండి చక్కగా స్టార్ట్ అవుతుంది, పది నిమిషాలు నడిచి ఆగిపోతుంది, కాసేపు ఆగితే మళ్లీ నడుస్తుంది. అలా ఆగిన క్షణంలోనే ట్యాంకు మూత తీసి చూడు. సుయ్యిమని గాలి లోపలికి పోయిందంటే మూతకున్న గాలి రంధ్రం పూడుకుపోయింది, పిన్నీసు పెట్టి పొడిస్తే సరి. చప్పుడేమీ రాకపోతే వెంటనే ప్లగ్ తీసి స్పార్క్ చూడు. వేడి మీద స్పార్క్ లేకుండా, చల్లారాక వస్తుంటే ముందు పాయింట్లకు జతగా ఉండే కండెన్సర్ మార్చు.

నేను నిజంగా భయపడేది గాలి లీకుకి. ఎక్స్‌లేటర్ వదిలేసినా ఇంజన్ స్పీడు దిగకుండా అరుస్తూనే ఉందంటే వెంటనే ఆపెయ్. కార్బొరేటర్ జాయింట్ దగ్గరో, మాగ్నెట్ వెనక ఎండిపోయిన ఆయిల్ సీల్ దగ్గరో గాలి పీలుస్తోందన్నమాట. అలాగే నడిపితే పిస్టన్ పట్టేస్తుంది. ప్లగ్ వక్కపొడి రంగులో ఉంటే అంతా బాగున్నట్టు, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే గాలి ఎక్కువ, నల్లగా తడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువ. లీటరు పెట్రోల్‌కు 20 మి.లీ. టూటీ ఆయిల్ చాలు, కొత్త రింగులు వేస్తే మొదటి రెండు ట్యాంకులకు 30. భద్రం కదా అని ఇంకా పోస్తారు కొందరు, ఆయిల్ పెరిగినకొద్దీ జెట్‌లోంచి వెళ్లే పెట్రోల్ తగ్గుతుంది, ఇంజన్ మరింత వేడెక్కుతుంది.

సైలెన్సర్‌లో కార్బన్ పట్టి ఉంటే ఎంత చేసినా పికప్ రాదు, అది కూడా విప్పి చూడు. చైన్, బ్రేకులు నీకు తెలిసినవే.

క్యారియర్‌కి కుడివైపు చూడు, తాతయ్య రోజూ పాల క్యాన్లు కట్టిన తాడు ఒరుసుకుని ఇనుము నున్నగా మెరుస్తుంటుంది. రేపు రంగు వేయించినా ఆ జానెడు చోటు మాత్రం అలాగే ఉంచమని చెప్పు, నూనె రాస్తే చాలు.

ప్లగ్ ఫొటో పంపు. సీల్, కండెన్సర్ మార్చాలంటే మాగ్నెట్ ఊడాలి, దానికి పుల్లర్ అనే లాగే పనిముట్టు కావాలి. నాది సంక్రాంతికి తెస్తాను. అప్పటిదాకా మాగ్నెట్ మీద సుత్తి పడనివ్వకు.

మీ పెదనాన్న